చదును అడుగు

మార్చి 4

ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చిన మా ఆయన గేలన్‌ని ఇవాళ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాను. కర్ర పట్టుకుని వాకిలి నుంచి వంటింటి దాకా తనే నడిచాడు. కుడికాలు కొంత నయం. కుడిచెయ్యి మాత్రం ఎవరిదో పరాయి చెయ్యి తెచ్చి తగిలించినట్టు వేలాడుతోంది. మాట వస్తోంది గాని, అనుకున్న మాట ఒకటైతే నోట్లోంచి వచ్చేది మరొకటి. కారు తలుపు తియ్యమనడానికి "సబ్బు" అన్నాడు.

"చూద్దాం" అన్నాడు డాక్టరు. ఆయనకి గేలన్ బ్రూబేకర్ అంటే ఏం తెలుసు? జూన్ నాటికి మళ్ళీ తన బుల్లెట్లు చేసే ప్రెస్ ముందు కూర్చుంటాడు. ఇందులో నాకు సందేహం లేదు.

మార్చి 5

మంచు. నేను నడిపే స్కూలు బస్సుకి వేరే డ్రైవర్ని పంపమని ఫోన్ చేశాను. చికెన్ పాట్‌పై చేసి పెడితే కొంచెం తిన్నాడు.

మార్చి 9

హార్లన్ ఫెటరాల్ఫ్ వచ్చాడు. గేలన్‌కి బడినాటి స్నేహితుడు. నదికి అవతల తుపాకుల కొట్టు పెట్టుకున్నాడు. హెమ్లాక్ రన్ తుపాకీ క్లబ్బులో, గురి పోటీల్లో పదేళ్ళుగా నాకు పోటీ కూడా అతనే. బూట్లకున్న బురదంతా నా తివాచీకి పూసి, గేలన్ ఎదురుగా కూర్చున్నాడు.

"ఏరా, కుర్చీలో రాజాలా కూర్చుని పెళ్ళాం చేత చాకిరీ చేయించుకుంటున్నావా?"

గేలన్ నవ్వబోయాడు. మూతి ఒక పక్కకే వచ్చింది. హార్లన్ కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నన్ను ఆపాడు. "ఏమ్మా నాడీన్, ఈ ఏడాది జూన్ పోటీకి సెలవు పెట్టరాదూ? ఎవరూ ఏమీ అనుకోరు."

"నేననుకుంటాను. గెలిచేది నేనే అయినప్పుడు సెలవెందుకు పెడతాను?"

"మరి బుల్లెట్లు? వాడు చేసినవి ఎన్ని మిగిలాయి?"

ఎన్నో లేవు. ఆ మాట అతనికి చెప్పలేదు.

"ఫ్యాక్టరీవి కొను. ఇప్పుడందరూ తోక బుల్లెట్లే వాడుతున్నారు. పడవలాగా వెనకవైపు సన్నగా ఉంటుంది కదా, గాలి వెనక్కి లాగదు. అర మైలు దూరంలో కూడా..."

"హార్లన్, నేను కాల్చేది వంద గజాలు, రెండువందల గజాలు. అర మైలు అవతల నాకు శత్రువులెవరూ లేరు."

గేలన్ వినే ఉంటాడు. కుర్చీలోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వే అనుకుంటున్నాను.

క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళెవరైనా అడిగితే చాలు, ముప్ఫై ఏళ్ళుగా అదే ఉపన్యాసం గేలన్‌ది. "బుల్లెట్‌కి ముక్కు చూసి మోసపోకండి. తుపాకీ గొట్టాన్ని చిట్టచివర వదిలేది దాని అడుగు. వెనక నుంచి తోసుకొచ్చే గ్యాసు ఆ అడుగు అంచు చుట్టూ ఒక్కసారిగా బయటపడాలి. ఒక పక్కన ముందు దారి దొరికిందా, ఆ పక్క నుంచి ఒక తన్ను తంతుంది. తన్నించుకున్నది తిన్నగా పోతుందా?" అని, తరవాత గాజుపలక మీద తన బుల్లెట్ ఒకటి నిలబెట్టి, "చదును అడుగు, చక్కని అంచు. దగ్గరి దూరానికి ఇంతకు మించిన శాస్త్రం లేదు" అనేవాడు.

అనేవాడు అని రాశాను. అంటాడు.

మార్చి 17

మాట నేర్పడానికి వారానికి రెండుసార్లు కీర్స్టన్ అనే అమ్మాయి వస్తోంది. బొమ్మలు చూపించి పేర్లు అడుగుతుంది. చెంచా చూపిస్తే గేలన్ "గిన్నె" అన్నాడు. కుక్కని చూపిస్తే "మొరుగు" అన్నాడు. అని, తప్పని తెలిసి కళ్ళు మూసుకున్నాడు.

"మనసులో వస్తువు సరిగ్గానే ఉందండీ. అలమరలో చెయ్యి పక్క అరలోకి పోతోంది. తీసింది తప్పు వస్తువే గాని, దగ్గరి చుట్టమే" అంది.

మంచి పిల్ల. కాఫీలో చక్కెర మరీ ఎక్కువ వేసుకుంటుంది.

మార్చి 23

ఇవాళ గారేజీలో ప్రెస్ ముందు నేను కూర్చున్నాను. గేలన్ వచ్చేదాకా మాత్రమే.

ఇన్నేళ్ళూ సీసపు తీగ ముక్కలు కోసింది నేనే, రాగి తొడుగులు కడిగి ఆరబెట్టింది నేనే. పిడి మీద చెయ్యి మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు. అది అతని చోటు. అయినా అందులో పెద్ద విద్యేముంది? తొడుగులో సీసం ముక్క వెయ్యడం, డై అనే ఉక్కు అచ్చులో పెట్టి పిడి నొక్కడం, రెండో డైలో ముక్కు తేల్చడం. సాయంత్రానికి ఒక పళ్ళెం నిండా చేశాను. కొత్త నాణేల్లా మెరిసిపోతున్నాయి.

తీసుకెళ్ళి గేలన్ ముందు పెట్టాను. ఒకటి ఎడంచేత్తో తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. మొహం ముడుచుకుంది.

"తోక" అన్నాడు.

"ఏంటి?"

"తోక. తోక!" బల్ల మీద గుద్దాడు. పళ్ళెం ఎగిరిపడింది.

తోక బుల్లెట్లు కొనుక్కోమంటున్నాడు. జీవితమంతా వాటిని వెక్కిరించిన మనిషి.

మార్చి 24

నావి అంత చెత్తగా ఉన్నాయన్నమాట.

మార్చి 30

క్లబ్బుకి వెళ్ళి నా బుల్లెట్లు కాల్చి చూశాను. వంద గజాల్లో ఐదు గుళ్ళు వేస్తే గేలన్ బుల్లెట్లకి గురి అట్టలో ఒకటే కన్నం, అంచు కాస్త చిరిగి ఉంటుంది, అంతే. నావి మూడు ఒకచోట, రెండు ఎటో. మళ్ళీ వేస్తే రెండు ఒకచోట, మూడు ఎటో.

గాలి బాగాలేదు. మార్చి గాలి ఎవరి మాటా వినదు.

ఏప్రిల్ 2

హార్లన్ కొట్లో తోక బుల్లెట్లు ఒక పెట్టె కొన్నాను. "గేలన్ అడిగాడు" అన్నాను. హార్లన్ నా వంక వింతగా చూశాడే గాని పల్లెత్తు మాటనలేదు.

ఇంటికి తెచ్చి చూపించాను. గేలన్ పెట్టె మీది బొమ్మ చూశాడు, నన్ను చూశాడు, ఎడంచేత్తో ఒక్క విసురు విసిరాడు. బుల్లెట్లన్నీ పొయ్యి కిందికీ ఫ్రిజ్ కిందికీ దొర్లిపోయాయి.

"నువ్వే కదా అడిగావు! తోక, తోక అని బల్ల గుద్ది మరీ అడిగావు!"

"తోక" అన్నాడు. ఈసారి మెల్లిగా. కళ్ళనిండా నీళ్ళు.

నేను వెళ్ళి గిన్నెలు కడుక్కున్నాను. కడిగినవే మళ్ళీ కడిగాను.

ఏప్రిల్ 6

దొరికినంతవరకు ఏరి క్లబ్బుకి పట్టుకెళ్ళాను. కోడి కెలికినట్టు పడ్డాయి. నా సొంతవాటి కంటే కొంచెం మెరుగు, గేలన్ వాటి కాలిగోటికి చాలవు. గొట్టం పాడైందేమో. తుపాకిమందు మార్చాలేమో. తుపాకీ ఆనించే ఇసుక సంచి తడిసిందేమో.

హార్లన్ పక్క బెంచీ మీద ఉన్నాడు. వచ్చి నా గొట్టంలోకి లైటు వేసి చూశాడు.

"గొట్టానికేం రోగం లేదు. అమ్ముకునేవాణ్ణి నేనే చెబుతున్నాను విను. దూరం పోయేకొద్దీ వేగం తగ్గకుండా కాచుకోవడం ఈ తోకల గొప్ప. వంద గజాల్లో ఆ గొప్ప చూపించుకునే లోపే అట్ట ఎదురొస్తుంది. పైగా ఆ ఏటవాలు చుట్టూ సమంగా రావాలంటే చేసేవాడి తల ప్రాణం తోకకొస్తుంది. చదును అడుగుకి ఆ బాధ లేదు. ఉన్నది ఒక్క అంచు, అది సరిగ్గా వస్తే చాలు. ఈ బెంచీల మీద గెలిచేవాడెవడైనా తోకవి కాల్చగా చూశావా నువ్వు?"

"మరి మొన్న అమ్మేటప్పుడు నోరెందుకు మెదపలేదు?"

"గేలన్ అడిగాడన్నావు. చావు తప్పి కన్ను లొట్టపోయి ఇంటికొచ్చినవాడితో వాదించమంటావా?"

నాకు నవ్వొచ్చింది. తరవాత ట్రక్కులో కూర్చుని చాలాసేపు స్టార్టు చెయ్యలేదు.

ఏప్రిల్ 8

గేలన్ బాగా నడుస్తున్నాడు. మాట కూడా మెరుగే. జూన్ నాటికి.

ఏప్రిల్ 12

ఇవాళ్టిది వివరంగా రాస్తాను.

పొద్దున్న పొయ్యి మీద మొక్కజొన్న జావ పెట్టాను. బస్సు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, ఎప్పటి నుంచి పనిలోకి వస్తావని. మాట్లాడుతూ కిటికీ దగ్గరికి పోయాను. వెనక నుంచి గేలన్ కేక వేశాడు.

"నాడీన్! తోక... తోక అంటింది!"

"మళ్ళీ మొదలెట్టావా నీ తోక?" అని విసుక్కుంటూ తిరిగాను. కర్రతో పొయ్యి చూపిస్తున్నాడు. జావ మాడు కంపు అప్పుడు తగిలింది నాకు. పరుగెత్తుకెళ్ళి గిన్నె దించాను. అడుగంటిపోయింది.

అడుగంటింది.

గరిటె చేతిలో ఉండగానే అతని వైపు తిరిగాను. నా మొహంలోకే చూస్తున్నాడు, చిన్నపిల్లకి లెక్క చెప్పి ఎప్పుడు అర్థమవుతుందా అని చూసే మేష్టరులాగా.

గారేజీలోకి పరుగెత్తి నేను చేసిన బుల్లెట్లు గుప్పెడు తెచ్చి జావ చుక్కల మధ్యే బల్ల మీద పోశాను. గేలన్ ఒకటి తీసుకుని, బొటనవేలి గోరు దాని అడుగు అంచు చుట్టూ నెమ్మదిగా తిప్పాడు. ఒకచోట ఆపాడు. నా వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు. చుట్టూ కత్తిలా ఉన్న అంచు, అక్కడ మాత్రం అరిగిన సబ్బులా గుండ్రంగా ఉంది.

"తోక" అన్నాడు.

"అడుగు" అన్నాను.

"ఆ!" అన్నాడు. "ఆ! అదీ! ఆ!"

మూడు వారాలు. మూడు వారాల నుంచి ఈ మనిషి నా బుల్లెట్లకి అడుగు బాగాలేదురా భగవంతుడా అని మొత్తుకుంటుంటే నేను వెళ్ళి తోకలు కొనుక్కొచ్చి చేతిలో పెట్టాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి గారేజీలో అడుగుపెట్టాడు. ప్రెస్ దగ్గర నిలబడి, డై విప్పమని సైగ చేశాడు. విప్పాను. సీసాన్ని నొక్కేటప్పుడు రాగి తొడుగు అడుగు ఆనుకునే ఉక్కు పంచ్ ఉంటుంది. దాని మొహం మీద, ఒక ఓరన, సీసం పొర అంటుకుని ఉంది. ఈగ రెక్కంత. దాని మీదే అన్నీ నొక్కాను. అన్నిటికీ అదే చోట అదే గాయం.

గేలన్ పక్కనున్న గుడ్డ తీసి తుడవబోయాడు. ఎడంచేతికి పట్టు చిక్కలేదు. గుడ్డ నాకిచ్చాడు.

ఏప్రిల్ 13

ముప్ఫై చేశాను. పద్దెనిమిది పారేశాడు.

ఏప్రిల్ 15

పారేశాడు.

ఏప్రిల్ 16

ఎక్కువ కొవ్వు రాస్తున్నానట, డైలో జారడానికి వేసేది. అది లోపల ఇరుక్కుని రాగిని సొట్ట పెడుతుందట. ఇదంతా చెప్పడానికి అతను వాడిన మాటలు: "వెన్న", "బకెట్టు", "మొద్దు". మూడోది నన్ను. అది మాత్రం సరైన మాటే అని అనుమానం.

ఏప్రిల్ 19

పారేశాడు. పొగరుబోతు.

ఏప్రిల్ 26

ఇవాళ ప్రతిదాని అంచూ గోటితో చూశాడు. ఒక్కటీ పారెయ్యలేదు. నేను ఎదురుగా కూర్చుని ఏమంటాడా అని చూస్తున్నాను. టీవీ పెట్టమన్నాడు.

మే 3

వంద గజాలు. ఐదు గుళ్ళు. ఒకటే కన్నం.

మళ్ళీ వేశాను. ఒకటే కన్నం.

అట్ట తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. గేలన్ పాలు తీసుకునే వంకతో నాలుగుసార్లు లేచాడు. అతను పాలు తాగడు.

మే 12

పెద్దాసుపత్రిలో డాక్టరుకి చూపించాం. చాలాసేపు మాట్లాడాడు. చేతి సంగతి చెబుతూ తలకి తీసిన బొమ్మలు కూడా చూపించాడు. పార్కింగు దొరక్క చచ్చాం. వచ్చేదారిలో తోటల్లో ఆపిల్ చెట్లు విరగపూశాయి. అంత పూత ఎప్పుడూ చూడలేదు.

మే 13

సెప్టెంబరు నాటికి.

మే 20

మళ్ళీ బస్సు నడుపుతున్నాను. సాయంత్రాలు ప్రెస్ దగ్గర. అతను ఎడం పక్కన బల్ల వేసుకుని కూర్చుంటాడు. పంచ్ తుడవమని గుర్తుచెయ్యడానికి కర్రతో నా కుర్చీ కాలు తడతాడు. నేను మర్చిపోనని తెలిసినా తడతాడు.

మే 31

హార్లన్ కొట్టుకి తుపాకిమందు కోసం వెళితే, "ఏంటి సంగతి, తోకలు మళ్ళీ ఒక పెట్టె ఇమ్మంటావా?" అన్నాడు.

"జూన్‌లో నీకు తోక తగిలించి పంపిస్తాను, ఇప్పుడు మందు ఇయ్యి" అన్నాను.

రెండు నెలల క్రితం అనగలిగేదాన్ని కాదు ఆ మాట. ఇవాళ కళ్ళు మూసుకుని అనేశాను.

జూన్ 13

పోటీ మొదటి రోజు, వంద గజాలు. గేలన్‌ని వరండా నీడలో కూర్చోబెట్టాను. దారిన పోయేవాళ్ళందరూ ఆగి, చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా, "ఎలా ఉన్నావు గేలన్!" అని అరిచి పోతున్నారు. అతను ప్రతివాడికీ "మంగళవారం" అని జవాబిచ్చాడు. కావాలనే అంటున్నాడని నాకు తెలుసు.

గెలిచాను.

ఇంకేం రాయను. గెలిచాను.

జూన్ 14

రెండో రోజు, రెండువందల గజాలు. రెండు రోజుల లెక్కా కలిపి చూస్తారు. ఆఖరి గురి అట్ట దగ్గరికి వచ్చేసరికి నేనే ముందున్నాను. నాకూ హార్లన్‌కీ మధ్య కాగితం మందం తేడా.

నాలుగు గుళ్ళు ఒకేచోట వేశాను. ఐదోది మిగిలింది. టైము కావలసినంత ఉంది. కాని హార్లన్ అప్పటికే ముగించి తుపాకీ దించడం కంటికొసన కనబడింది. వేసేశాను. వేస్తుండగానే గాలివాటం చూపే జెండా తిరగడం చూశాను. ఆ గుండు మిగతా నాలుగింటికీ దూరంగా, కుడివైపు, ఒంటరిగా పడింది.

హార్లన్ మొదటి స్థానం. నేను రెండు.

చేతులు కలిపాం. అతని బెంచీ మీద బుల్లెట్ల డబ్బా తెరిచి ఉంది. చూశాను. చదును అడుగులు. ఒకటి తీసి అంచు చుట్టూ గోరు తిప్పాను. ప్రపంచంలో ఇలాంటి అంచు తీసేవాడు ఒక్కడే.

"ఇవి గేలన్‌వి!"

"పోయిన శరదృతువులో కొన్నాను. దాచుకున్నాను" అన్నాడు హార్లన్, ఏమాత్రం సిగ్గులేకుండా.

"నేను అల్లాడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నావా? పైగా నాకు తోకలు అంటగట్టావా?"

"గెలిచేది నేనే అన్నావు కదమ్మా. పోటీలో ఉన్నవాడికి మందుగుండు ఎవడైనా చేతికిస్తాడా?"

గేలన్ నవ్వాడు. మామూలుగా, కడుపులోంచి, దగ్గొచ్చేదాకా. ఫిబ్రవరి తరవాత నేను వినలేదు ఆ నవ్వు. అతను చేసినవాటి చేతిలో ఓడిపోయానని అప్పుడు తట్టింది నాకు. ఇంత మంట పుట్టాలా వద్దా తేల్చుకోలేకపోయాను.

ట్రక్కులో ఇంటికి బయల్దేరాం. నది పక్క రోడ్డెక్కాక గేలన్ అన్నాడు:

"గాలి."

"ఏంటి?"

"గాలి. నువ్వు... చూడ... లేదు." ఒక్కొక్క మాటా వెతికి, సరైనదో కాదో తడిమి చూసి బయటపెట్టాడు. "తొందర."

"నాకు తెలుసు!"

"మొద్దు."

"తెలుసన్నాను కదా! జెండా తిరగడం నేనూ చూశాను. నాలుగు నెలల నుంచి ఒంటిచేత్తో ఇల్లూ బస్సూ ప్రెస్సూ లాక్కొచ్చి రెండో స్థానం తెచ్చుకుంటే, మొద్దా?"

"మంచి... బుల్లెట్లు" అన్నాడు. "చెడ్డ... గాలి. మొద్దు."

ఫిబ్రవరి నుంచి అందరూ నన్ను చూసి అయ్యో అన్నవాళ్ళే. ఒక్కడూ తిట్టలేదు. కళ్ళు మసకబారి రోడ్డు సరిగా కనబడలేదు. వేగం తగ్గించాను. చెప్పదలుచుకోలేదు, నోటికి అదే వచ్చేసింది.

"గేలన్. ప్రెస్ ముందు ఇక నేనే కూర్చుంటాను. సెప్టెంబరు కాదు, ఎప్పటికీ. ఆ చెయ్యి రాదు."

వంతెన దాటాం. ధాన్యం గోదాములు దాటాం. అతను కిటికీలోంచి చూస్తున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాని మీద ఎడంచెయ్యి వేసి ఉంచాడు.

"తెలుసు" అన్నాడు చివరికి. "మే."

ఆ డాక్టరు చెప్పింది అతనూ విన్నాడు. నా పక్క కుర్చీలోనే కదా కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ నా కోసం ఊరుకున్నాడు.

ఇంకాస్త దూరం పోయాక, "ఆకలి" అన్నాడు. సరైన మాటే.

కూడలి దగ్గరి హోటల్లో ఆగాం. బెల్లంపాకం నింపి కాల్చిన 'పై' రెండు ముక్కలు, కాఫీ చెప్పాను. ప్లేట్లు రాగానే అలవాటుగా అతని ప్లేటు నా వైపు లాక్కుని ఫోర్కు తీసుకున్నాను. అతను ప్లేటు అంచు పట్టుకున్నాడు. వదల్లేదు. నేను వదిలేశాను.

ఎడంచేత్తో కోశాడు. సగం ముక్క బల్ల మీద పడింది. ఫోర్కు జారి నేల మీద పడింది. పనిచేసే పిల్ల ఇంకోటి తెచ్చిచ్చింది. నేను నా కాఫీ కలుపుతూ కూర్చున్నాను. రెండో ముక్క నోటిదాకా చేరింది.

"ఎలా ఉంది?" అన్నాను.

నమిలి, మింగి, తీరిగ్గా ఆలోచించాడు.

"అడుగు మాడింది" అన్నాడు.